కార్మేలమ్మ రొట్టె

ఇటలీ,
12 నవంబరు 1944

అక్కయ్యకి జగన్నాథం నమస్కారాలు.

దసరాకి నువ్వు రాసిన ఉత్తరం నిన్న చేరింది. మావయ్యకి ఆయాసం తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది. నేను కులాసాగా ఉన్నాను. ఇటలీలో ఉన్నానని రాయొచ్చట గాని ఏ ఊరో రాయకూడదట, కాబట్టి అడక్కు. మిలిటరీ ఆసుపత్రిలో నా పని మునుపటిదే. వచ్చిన దుప్పట్లెన్ని, చిరిగినవెన్ని అని గుమాస్తాగిరీ. తుపాకీ ఇంతవరకూ నేను ముట్టుకోలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు. ఈ సంగతి అత్తయ్యకి గట్టిగా చెప్పు. ఆవిడ నన్ను ఫిరంగుల మధ్య నిలబెట్టుకుని ఏడుస్తోందని రాశావు.

చలి గురించి రాస్తే బెంగపడతావు, రాయను. ఇవాళ రొట్టె గురించి రాస్తాను.

ఆసుపత్రి వెనక ద్రాక్షతోట, తోట పక్కన ఒక ఇల్లు ఉంది. మావాళ్ళ బట్టలకి మాసికలు వేసి పెట్టే ఆవిడ ఇల్లు. పేరు కార్మేలా. నేను కార్మేలమ్మా అని పిలిస్తే పలుకుతుంది. ఆదివారాలు నా వంతు గోధుమపిండి మూటకట్టుకుని అక్కడికి వెళ్తాను. వాళ్ళకి పిండి కరువు, నాకు ఇంటివంట కరువు. పెరట్లో పుట్టలాంటి పొయ్యి ఉంది. అందులో కట్టెలు మండించి, నిప్పులు పక్కకి లాగి, కాలిన ఇటికల మీదే రొట్టె వేస్తుంది. ముందురోజు పిండి కాస్త దాచి కొత్తపిండిలో కలుపుతుంది. అది మన దిబ్బరొట్టె పిండిలాగే పులిసి పొంగుతుంది. దాన్ని చేత్తో పలచగా తట్టి, మీద దొరలు టమాటా అనే రామములగ పళ్ళ ఎర్రటి గుజ్జు రాసి, గేదెపాలు విరగ్గొట్టి తీసిన ముద్దని ముక్కలుగా తుంచి పరిచి, తులసిలాంటి ఆకు నాలుగు వేసి లోపలికి తోస్తుంది. దాన్ని పిజ్జా అంటారు. అవును, ఇక్కడా గేదెలున్నాయి. మన చల్లపల్లి గేదెల్లాగే బురదలో పడుకుని మనల్ని లెక్కచెయ్యకుండా చూస్తాయి. మొదటిసారి చూసినప్పుడు వాటి దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

రొట్టె అంచు కొరికేసరికి పులిగడ్డ రేవు గుర్తొచ్చింది. అమ్మా నాన్నా పోయాక మనిద్దరం దివిసీమ వదిలి గుడివాడ మావయ్య ఇంటికి వస్తున్న రోజున, పడవలో అరిటాకు విప్పి దిబ్బరొట్టె పెట్టావు నాకు. కరకరలాడే మాడంతా నాకిచ్చి మెత్తటిది నువ్వు తిన్నావు. మాడు నీకు ఇష్టం ఉండదన్నావు. ఇంత దూరం వచ్చి ఆలోచిస్తే అది అబద్ధమని తెలుస్తోంది.

ఇందులో అన్నం లేదు గనక నీ రాత్రి ఫలహారానికి పనికొస్తుంది. ఎన్నాళ్ళని ఆ ఉప్పుపిండి తింటావు? అందుకే ఇంత వివరంగా రాశాను. చేసి చూడు.

నీ తమ్ముడు
జగన్నాథం


గుడివాడ,
9 జనవరి 1945

చిరంజీవి జగన్నాథాన్ని అక్క భ్రమరాంబ మనసారా దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. తులసి దగ్గరికి వచ్చేసరికి మావయ్య పడక్కుర్చీలోంచి లేచి కూచున్నారు. తులసి వేసుకుని తింటున్నారంటే ఆ జాతి మూలం విచారించాల్సిందేనని, సాయంత్రం అరుగు మీద చేరినవాళ్ళందరితో చెప్పారు. పాతికేళ్ళు బడిపంతులుగా చేసినాయన చెబితే కాదనేదెవరు? మర్నాటికి నువ్వు విష్ణుభక్తుల ఇంట్లో భోజనం చేస్తున్నావని ఊళ్ళో చెప్పుకున్నారు. తులసిని నిప్పుల్లో వేసేవాళ్ళు ఎవరైనా సరే మనవాళ్ళు కారని నేనన్నాను. రామములగలు సీమపళ్ళు, ఈ ఇంటి గడప తొక్కవని అత్తయ్య తేల్చేసింది.

గోధుమలకి మాత్రం కొదవ లేదు. ఊరి చుట్టూ వరిచేలు పెట్టుకుని మాకు రేషన్లో గోధుమలు కొలుస్తున్నారు. వాటినేం చెయ్యాలో సగం గుడివాడకి తెలియదు. పక్కింటివాళ్ళు అన్నంలా వండుకుని రోజంతా నమిలారు.

ఇక పాలు విరగ్గొట్టమన్నావు. నీకు మతి ఉందా? నువ్వు యుద్ధంలో ఉండగా ఈ ఇంట్లో చేతులారా పాలు విరగ్గొడతానా? కిందటి నెల వాటంతటవే విరిగితేనే అత్తయ్య అన్నం మానేసింది, నీ ఉత్తరం వచ్చేదాకా పొయ్యి వైపు చూడలేదు. నువ్వు క్షేమంగా ఉన్నావని రూఢిగా తెలిసేదాకా పాలు పొంగుతాయి గాని విరగవు.

మాడు నాకు నిజంగానే ఇష్టం లేదు. పెద్దదాన్ని, ఎదురు చెప్పకు.

బందరులో ఆడపిల్లల హాస్టలు నడిపే సుబ్బరత్నమ్మ గారు మళ్ళీ వచ్చి వెళ్ళారు. వంటశాల చూసుకుంటూ చదువుకోండి, పరీక్షకి కట్టిస్తాను, తర్వాత మీరే పాఠాలు చెప్పుకోవచ్చు అంటారావిడ. నవ్వి ఊరుకున్నాను. వెళ్ళేటప్పుడు స్టేషన్లో నువ్వేమన్నావు? వచ్చాక మనిద్దరం వేరే ఇల్లు తీసుకుందాం అక్కా, అన్నావు. ఆ మాట మీదే ఉన్నాను. నువ్వు వచ్చేసరికి నేనిక్కడ ఉండొద్దూ?

అన్నట్టు, ఆ కార్మేలమ్మ ఎవరు? వయసెంత? ఇంట్లో ఇంకా ఎవరున్నారు? మెళ్ళో, చెవుల్లో ఏం పెట్టుకుంటుందో కూడా రాయి. వండే మనిషి ఎలా ఉంటుందో తెలియందే నాకు వంట పట్టుబడదు.

నీ అక్క
భ్రమరాంబ


ఇటలీ,
18 మార్చి 1945

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వితే వార్డులో నర్సు వచ్చి మందలించింది. మావయ్యకి నా క్షమాపణలు. ఆ ఆకు తులసి కాదు, మళ్ళీ వాసన చూశాను. మన పెరట్లో పెరిగే రుద్రజడకి, అదే సబ్జా మొక్కకి, దగ్గర చుట్టం. అరుగు మీద ఈ సంగతి నెమ్మదిగా చెప్పమను.

కార్మేలమ్మ గురించి అడిగావు. వయసు అడిగితే నవ్వుతుంది, చెప్పదు. నవ్విందంటే ద్రాక్షతోట అవతలికి వినిపిస్తుంది. చెవులకి బంగారు కమ్మలు, మెళ్ళో సన్నటి గొలుసు, వేలికి ఉంగరం. ఎప్పుడూ నల్లబట్టలే కడుతుంది, ఆవిడకి అవే నప్పుతాయి. పిండి పిసుకుతూ పాడుతుంది. ఇంట్లో ఆవిడా, కోళ్ళూ, ఒక గాడిదా, అంతే. ఇంకా రాయాల్సింది ఉంది గాని అది నేను వచ్చాక ఎదురుగా కూచుని చెబుతాను.

ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే రాయాలి. ఆ ఇంట్లో వండినావిడే ముందు కూచుంటుంది. పొయ్యిలోంచి తీసీ తియ్యగానే మొదటి ముక్క ఆవిడదే. తర్వాతే మేము. మొదటిరోజు వింతగా అనిపించింది. ఇంటికి, అంటే మా గుడారానికి, వచ్చి పడుకున్నాక నువ్వు గుర్తొచ్చావు. మా అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, మూల కూచుని చల్లారింది తింటావు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వంటింట్లో కుంపటి ఉన్నట్టు నువ్వూ ఉంటావనుకున్నాను గాని నీకూ వేడిది తినాలని ఉంటుందేమోనని ఒక్కనాడూ తోచలేదు. నాకు సిగ్గేసింది అక్కా.

ఇల్లంటే ఇదీ అనిపిస్తోంది. ఇకమీదట ఉంటే ఇలాంటి ఇంట్లోనే ఉంటాను. ఈ మాటే కార్మేలమ్మతో అంటే, ఆవిడ కళ్ళు తుడుచుకుని నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. అది వీళ్ళ పద్ధతి, కంగారు పడకు.

పొయ్యి లేదని దిగులుపడకు. అమ్మ ఇత్తడిగిన్నెలో వేసి మూత మీద నిప్పులు పొయ్యి, దిబ్బరొట్టెకి పోసినట్టే.

జగన్నాథం


గుడివాడ,
20 మే 1945

చిరంజీవి జగన్నాథానికి దీవెనలు.

మీ వైపు యుద్ధం అయిపోయిందని పేపర్లో పడింది. మావయ్య వీధి మొగలో మొదలుపెట్టి పెద్దగా చదువుకుంటూ ఇంట్లోకి వచ్చారు. అత్తయ్య దేవుడి గదిలోకి వెళ్ళింది. నేను వంటింట్లోకి వెళ్ళి, కాగుతున్న పాలల్లో నిమ్మకాయ పిండాను. పాలు విరుగుతుంటే ఏదో తప్పుచేస్తున్నట్టూ ఉంది, సంతోషంగానూ ఉంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తయ్య. లోపలికి వెళ్ళి పాత పంచె గుడ్డ ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది, వడగట్టమని.

గోధుమలు తిరగట్లో విసిరి జల్లించాను. పులిసిన మినప్పిండి కలిపితే పొద్దుటికి గిన్నె అంచు దాకా పొంగింది. రామములగలకి బదులు మన కొరివికారం రాశాను. పండుమిరపకాయలవల్ల ఎరుపుకి ఎరుపు, చింతపండువల్ల పులుపుకి పులుపు. మొదటిది పైన బొగ్గు, లోపల పచ్చి. దాన్ని గేదెకి పెడితే అది కూడా ఆలోచించింది. రెండోది కుదిరింది. ఇల్లంతా వాసన పట్టింది. చిన్నప్పుడు దివిలో వానపడిన సాయంత్రాలు అమ్మ పెరటి వసారాలో కుంపటి పెట్టేది, గుర్తుందా? నువ్వు మూత తీయమని గొడవ చేసేవాడివి. మూకుడు మీద నిప్పులు ఊదుతుంటే అమ్మ పక్కనే కూచున్నట్టనిపించి, పొగ నెపం పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

మావయ్య రెండు రొట్టెలు తిన్నారు. ఇది మన దిబ్బరొట్టెకి విదేశాల్లో స్థిరపడిన చుట్టం అన్నారు. మూడోది అడిగితే ఆయాసం గుర్తుచేసి అత్తయ్య పళ్ళెం తీసేసింది. అందరిదీ అయ్యాక నేను తిన్నాను. చల్లారితే ఆ పాలముద్ద తోలులా సాగుతుందని నువ్వు రాయలేదు.

ఇక అసలు సంగతి. నేను చదివింది తక్కువే గాని మొద్దుదాన్ని కాను. చెవులకి కమ్మలున్నాయి. వయసు చెప్పకుండా నవ్వుతుంది. పాడుతుంది. ఒంటరిగా ఉంటోంది. నల్లబట్టలు నప్పుతాయి. ఉంటే ఇలాంటి ఇంట్లోనే ఉంటానని నువ్వంటే కళ్ళు తుడుచుకుని ముద్దు పెట్టుకుంది. ఎదురుగా కూచుని చెప్పాల్సింది ఇంకా ఉందట. ఆ పేజీ మావయ్యకి చదివి వినిపించలేదు, చలికి సిరా అలికిందని చెప్పాను.

నీకు ఆవిడ కావాలంటే చేసుకో. నాకు కోపం లేదు. ఉంది గాని తగ్గుతుంది. అవునో కాదో ఒక్క ముక్క రాయి. ఎదురుచూడాలో వద్దో నాకు తెలిస్తే చాలు.

అక్క


ఇటలీ,
2 ఆగస్టు 1945

అక్కయ్యకి,

హడావిడిలో రాస్తున్నాను. ఆసుపత్రి మూటలు కడుతున్నారు, ఉత్తరాలు ఎటు పోతున్నాయో తెలియడం లేదు. జనవరిలో రాసినదాని తర్వాత నీ దగ్గర్నుంచి నాకేమీ అందలేదు. రొట్టె చేశావా లేదా?

ఇక్కణ్ణుంచి కదలాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు. కార్మేలమ్మా నేనూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. అదేమిటో ఇప్పుడు రాయను, రాస్తే రుచి పోతుంది. వింటే నువ్వు సంతోషిస్తావు.

మా ప్రయాణం ఇప్పట్లో తేలేలా లేదు. ఓడలు లేవంటున్నారు. మధ్యలో ఎక్కడికి పంపుతారో కూడా తెలియదు. మావయ్యకీ అత్తయ్యకీ నమస్కారాలు.

జగన్నాథం


గుడివాడ,
30 సెప్టెంబరు 1945

చిరంజీవి జగన్నాథానికి,

ఒక్క ముక్క రాయమన్నాను. రాశావు. నా ఉత్తరం అందలేదన్నావు గాని అడక్కుండానే జవాబు వచ్చేసింది.

నేను బందరు వెళ్తున్నాను. సుబ్బరత్నమ్మ గారికి కబురు చేశాను, రమ్మన్నారు. మావయ్యతో చెబితే చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. నా పసుపు కుంకాలు పోయిన రోజున, పిల్లదాని జుట్టు తియ్యడానికి వీల్లేదని బంధువులందరికీ ఎదురు నిలబడింది ఆయనే. ఆయన్ని నొప్పించడం నాకు చాలా కష్టమైంది. చివరికి, "నీకిక్కడ ఏం లోటు చేశానే అమ్మాయ్?" అన్నారు. లోటేమీ లేదు మావయ్యా, నాకోసం వస్తాడనుకున్నవాడు రావడం లేదు, ఇక నేనే ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి అన్నాను. ఆయనకది అర్థం కాలేదు. విప్పి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అత్తయ్యకి మాత్రం చెప్పాను, నేను వెళ్ళాక ఆయనకి చెప్పమని.

అమ్మ ఇత్తడిగిన్నె తీసుకెళ్తున్నాను. నీకు అక్కడ పొయ్యి ఉందిగా.

నువ్వు సుఖంగా ఉండు. ఆవిడకి నా దీవెనలు చెప్పు. చిన్నదైతే దీవెనలు, పెద్దదైతే నమస్కారాలు.

భ్రమరాంబ


గుడివాడ,
10 ఫిబ్రవరి 1946

అక్కయ్యకి,

మొన్న వచ్చాను. రైలు దిగి సంచీ భుజాన వేసుకుని పెరటి దారిన పరిగెత్తుకొచ్చాను, వంటింట్లోనే ఉంటావని. అత్తయ్య పొయ్యి ఊదుతోంది. నువ్వు బందరు వెళ్ళిపోయావనీ, నేను దొరసానిని కట్టుకుని రాకుండా ఉండిపోయాననీ ఆవిడ నోటే విన్నాను. సముద్రం దాటొచ్చానని మావయ్య నన్ను పెరట్లోనే నిలబెట్టి పంచగవ్యం తాగించాక, ఏరా, నీ పెళ్ళాం ఏదిరా అన్నారు. నీ మే నెల ఉత్తరం, తర్వాతి ఉత్తరం నా వెనకాల ఏ దేశాలు తిరుగుతున్నాయో. నాకు అందలేదు.

దారిలో తగులుకున్న మలేరియా ఇక్కడికొచ్చాక మళ్ళీ తిరగబెట్టింది. లేకపోతే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చి నీతో పోట్లాడేవాణ్ణి.

అక్కా, కార్మేలమ్మకి అరవై దాటాయి. పళ్ళు సగం లేవు. చేపలవేటకి వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు, అది నేను పుట్టకముందు సంగతి. అక్కడ మొగుడు పోయినవాళ్ళు జన్మంతా నల్లబట్టలు కడతారు. కమ్మలు తియ్యరు, ఉంగరం తియ్యరు. ఆవిడా నీలాంటిదేనని రాద్దామని రెండుసార్లు కలం పెట్టాను. ఆ మాట నీకు రాయడానికి చెయ్యి రాలేదు. ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ రాశాను. ఎదురుగా కూచుని చెబుతానన్నది కూడా అదే. నీ గురించి చెప్పినప్పుడే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మనం తీసుకోబోయే ఇంట్లో నువ్వు మొదటి ముక్క తింటావని చెప్పాను, అప్పుడు ముద్దు పెట్టుకుంది. ఏర్పాటు అన్నది పొయ్యి. నీ కోసం ఇటికలు ఎలా పేర్చాలో దగ్గర కూచోబెట్టి నేర్పింది. అది రాయకుండా దాచి నిన్ను సంతోషపెడదామనుకున్నాను.

మిలిటరీ వాళ్ళు వదిలేటప్పుడే బెజవాడలో ఉద్యోగం ఖాయమైంది. ఇల్లు చూస్తాను. నువ్వు వచ్చెయ్యి. మావయ్యతో నేను మాట్లాడతాను. ఇన్నేళ్ళు ఆగినదానివి ఇంకో నాలుగు నెలలు ఆగలేకపోయావా? నేను రానని ఎలా అనుకున్నావు? ఇది అడగకుండా ఉండలేను. నాకు చాలా బాధగా ఉంది.

జగన్నాథం


బందరు,
18 ఫిబ్రవరి 1946

నా తండ్రీ జగన్నాథం,

ప్రాణాలతో తిరిగొచ్చావు, అది చాలు. ముందు జ్వరం సంగతి చూసుకో. అత్తయ్య ఇచ్చే కషాయం ఒంపెయ్యకుండా తాగు.

నీ ఉత్తరం వంటశాలలో బియ్యంబస్తా మీద కూచుని చదివాను. పళ్ళు సగం లేవన్నచోట నవ్వొచ్చింది. తర్వాత వచ్చిన ఏడుపు చాలాసేపు ఆగలేదు. పాపం ఆ ముసలమ్మని ఎన్నెన్ని అనుకున్నాను! కమ్మలు పెట్టుకుంటుందని నువ్వు రాస్తే పుణ్యస్త్రీ కాక ఇంకెవరనుకుంటాను? మన దేశంలో ఎవరనుకుంటారు?

ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదన్నావు. వెర్రివాడా, ఆ మాట నేను పుష్పవతి కాకముందు నుంచీ వింటున్నాను. నువ్వు రాస్తే నాకు నొప్పి పుట్టేది కాదు. కాని ఒకటి చెబుతాను, విను. నువ్వు అది రాసి ఉంటే, నువ్వు వస్తావని నాకు తెలిసిపోయేది. తెలిస్తే ఆ వంటింట్లోనే కూచుని ఉండేదాన్ని, ఇంకో నాలుగు నెలలు కాదు, నాలుగేళ్ళయినా. నువ్వు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తేగాని నాకు దారి లేదనే అనుకున్నాను. నువ్వు రావనుకున్న రోజున, బతుకులో మొదటిసారి, టిక్కెట్టు నేనే కొనుక్కుని రైలెక్కాను.

బెజవాడ రాను నాన్నా. కోపంతో కాదు. జూన్‌లో పరీక్షకి కడుతున్నాను. లెక్కలు రావడం లేదు, చిన్నపిల్లలు నాకు చెబుతున్నారు. నీ ఇంటికి సెలవులకి వస్తాను, చుట్టంలా వస్తాను, నువ్వు వండి పెట్టు. పొయ్యి కట్టడం నేర్చుకున్నావుగా.

ఇంకో సంగతి చెప్పాలి. ఇక్కడికి వచ్చినా నేను అందరి తర్వాతే తింటున్నాను. అలా తినమని ఎవరూ అనలేదు. నా కాళ్ళే గోడ దగ్గరికి వెళ్ళి నిలబడతాయి. నీ ఉత్తరం శనివారం వచ్చింది. నిన్న ఆదివారం రేషను గోధుమలతో పిల్లలకి పిజ్జా చేశాను. అన్ని కులాల పిల్లలూ పళ్ళేలు ముందు పెట్టుకుని బారుగా కూచున్నారు. మొదటి రొట్టె దించాను. దించి, ఎవరికీ వడ్డించకుండా, ఆ వరసలోనే చివర పీట వేసుకుని కూచున్నాను. రొట్టె తుంచి, కరకరలాడే మాడు ముక్క నోట్లో పెట్టుకున్నాను. పిల్లలంతా చూస్తున్నారు. సుబ్బరత్నమ్మ గారు కూడా చూశారు.

నాలుక కాలింది జగన్నాథం. పెళ్ళి పీటల మీద నుంచి లేచినది మొదలు ఇన్నేళ్ళలో నా నాలుక కాలిన జ్ఞాపకం లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, కారం ఎక్కువైందనుకుని ఒక పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, రెండో ముక్క కూడా వేడిగానే తిన్నాను.

నీ అక్క
భ్రమరాంబ